రెండో భాషగా తెలుగు: మౌఖిక పరీక్షలో ఒత్తక్షరాలకు మార్కులు తగ్గించాలా?

చిత్తూరు పంతులు: మా బడిలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది ఉన్నారు. వారికి మౌఖిక పరీక్ష అంటే ఇంతవరకు పద్యం అప్పజెప్పించడమే. అది జ్ఞాపకశక్తిని చూస్తుందే తప్ప మాటను చూడదు. ఈసారి పలమనేరు బస్సులో సంచి మరచిపోయిన ప్రయాణికుడిగా విద్యార్థి, డిపో ఉద్యోగిగా నేను మాట్లాడుకుంటాము. సంచి రంగు, దిగిన చోటు చెప్పి, నా అడ్డుప్రశ్నకు తట్టుకుంటే పూర్తి మార్కులు. భ, ధ వంటి ఒత్తక్షరాలు పలకకపోయినా తగ్గించను.

బైరాగిపట్టెడ: అప్పుడది తెలుగు పరీక్ష ఎలా అవుతుంది? ‘బయం’ అన్నవాడికీ, ‘భయం’ అన్నవాడికీ ఒకే మార్కులా?

చిత్తూరు పంతులు: తమిళ లిపిలో ఒత్తక్షరాలు లేవు. మన ఇళ్లలో మాత్రం ‘బయం’ అనని వారెవరండీ? విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ మౌఖిక భాగంలోనూ ధారాళత, పదసంపద, వ్యాకరణంతో సమానంగా ఉచ్చారణ నాలుగింట ఒక వంతు మాత్రమే.

సత్యవేడు: ఆ పరీక్ష ఒక్కొక్కరికి 11 నుంచి 14 నిమిషాలు. 40 మందికి 14 చొప్పున 9 గంటలు దాటుతుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి.

నగరి అమ్మ: అలా చేస్తే వాగుడుకాయ పక్కన బిడియస్తురాలికి మాట్లాడే సందే దొరకదు. మా అమ్మాయి ‘ధర’ను ‘తర’ అన్నందుకు పరీక్షించే ఆయన పకపకా నవ్వారు. ఆపై ఆమె నోరు విప్పలేదు, భాష రాదని సున్నా వేశారు.

బైరాగిపట్టెడ: నవ్వడం తప్పే. అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. సరిహద్దు పిల్లలని రాయితీలు ఇస్తూ పోతే ఎక్కడ ఆగుతాము?

చిత్తూరు పంతులు: రాయితీ అన్న మాట వెనక్కి తీసుకోండి. ఇంట ఒక భాష, బడిలో ఒక భాషతో నెట్టుకొస్తున్న పిల్లలు మీ దయ అడగలేదు.

పుత్తూరు: ఇద్దరూ కాస్త శాంతించండి.

బైరాగిపట్టెడ: శాంతంగానే చెబుతాను. ఒత్తు తప్పితే ఇదిగో అని వేలు పెట్టి చూపగలను. ధారాళతకు మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాదని తండ్రి వచ్చి నిలదీస్తే ఏం చూపాలి? ఒకసారి ఇలాగే ప్రధానోపాధ్యాయుని గదిలో నిలబెట్టి, నేను వేసిన మార్కులను నా చేతనే దిద్దించారు.

చిత్తూరు పంతులు: ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత రభస లేకపోను. అడ్డుప్రశ్నకు ఒక్కమాటతో సరిపెడితే మూడు, కారణం చేర్చి చెబితే నాలుగు అని ముందే రాసి, పిల్లలకూ తల్లిదండ్రులకూ చూపాలి. ఫోన్‌లో రికార్డు చేసి, ఒకరి మార్కులు మరొకరు చూడకుండా ఇద్దరు ఉపాధ్యాయులు వేయాలి. తేడా ఒక మార్కు దాటితే మూడోవారు వినాలి.

బైరాగిపట్టెడ: రాసి పెట్టడానికి ఒప్పుకుంటాను. కానీ మా బడిలో తెలుగు చెప్పేది నేనొక్కడినే. ఆ రెండోవారిని ఎక్కడినుంచి తెమ్మంటారు?