కూలర్ పెట్టాక ఉక్కపోత ఇంకా పెరిగింది, ఏం చేయాలి?

మాది అమలాపురం దగ్గర, స్లాబు ఇల్లు. మే నెలలో కూలర్ కొన్నాం గానీ అరగంటకే దుప్పట్లు చెమ్మగిల్లుతున్నాయి, బీరువా వెనక గోడకి నల్లగా బూజు పట్టింది, అమ్మకి ఆయాసం కాబట్టి టెన్షన్‌గా ఉందండి. ఏసీ తప్పదా?

జవాబు 1: కూలర్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. మన కోనసీమ గాలిలో ముందే తేమ ఎక్కువ కాబట్టి నీరు సరిగా ఆవిరవదు, చెమ్మే మిగులుతుంది. వెంటనే ఆపేయండి.

జవాబు 2: మాది రాజోలు. స్లాబు మీద రెండు పూతలు తెల్ల సున్నం వేయించాం, రాత్రి పైనుంచి దిగే ఆ సెగ బాగా తగ్గింది. పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నది) 30 చుట్టూ.

జవాబు 3: అమ్మగారి కోసం ఏసీ తీసుకోండి, తేమ కూడా లాగేస్తుంది. 26లో పెట్టి ఫ్యాను వేయండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. ఫిల్టరు మాత్రం తరచూ కడగాలండి, బీరువా గోడకి జానెడు దూరం జరపండి.