సిటీ ఆకాశం, చీకటి ఆకాశం పక్కపక్కన చూపించాలంటే సెట్టింగ్స్ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్తే, కొంచెం హెల్ప్ కావాలి. హైదరాబాద్‌లో మా డాబా మీద నుంచి ఒకటి, గండికోట వైపు చీకట్లో ఒకటి సప్తర్షి మండలం ఫోటోలు తీసి మా కాలనీ పిల్లలకి చూపిద్దామనుకుంటున్నా. పెళ్లిలో చూపించే అరుంధతి మా డాబా మీద నుంచి కంటికి ఆనదు, పక్కనున్న వశిష్ఠుడే కష్టంగా కనిపిస్తాడు, లైట్ల వల్ల ఏం పోగొట్టుకున్నామో వాళ్లకి ఇలా చూపిస్తేనే అర్థమవుతుందని నా నమ్మకం.

నా సెట్టింగ్స్: క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18 ఎంఎం లెన్స్, ఎఫ్3.5 అపర్చర్, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సిటివిటీ) 3200, 15 సెకన్ల ఎక్స్‌పోజర్. చీకట్లో ఇవి బానే ఉంటాయి గానీ సిటీలో ఫ్రేమ్ మొత్తం తెల్లగా కొట్టేస్తోంది, పోనీ తగ్గించి తీస్తే సిటీ ఆకాశం కూడా నల్లగా అందంగా వచ్చేస్తుంది, అది చూసేవాళ్లని మోసం చేసినట్టే కదా? రెండు చోట్లా ఒకే సెట్టింగ్స్ ఉంచి తెల్లగా వచ్చినా అలాగే చూపించాలా, లేక రెండు చోట్లా ఐఎస్ఓ 800కి దించాలా? వైట్ బ్యాలెన్స్ (ఫోటోలో రంగుల టోన్) 4000 కెల్విన్‌లో లాక్ చేసి రా ఫైల్సే (కెమెరా మార్పులు చేయని ఒరిజినల్ ఫైల్స్) తీస్తున్నా, ఎల్ఈడీ తెలుపుకి, పాత సోడియం లైట్ల పసుపుకి తేడా పోకూడదని.

ఇంకోటి, నల్లమలలో శ్రీశైలం రోడ్డు గేట్లు రాత్రి మూసేస్తారు, పైగా టైగర్ రిజర్వ్, అందుకే అటు వద్దనుకున్నా. హైదరాబాద్ నుంచి ఒక్క రాత్రిలో వెళ్లొచ్చేలా, అమావాస్య నాడు ఫ్యామిలీతో ధైర్యంగా ఉండగలిగే చీకటి చోటు తెలిస్తే చెప్పండి ప్లీజ్.