ఎత్తు 8 రెట్లు పెంచినా గుండు ఇసుకలో రెండింతలైనా ఎందుకు దిగదు?

ప్రశ్న:
తొమ్మిదో తరగతి పిల్లలకు చూపడానికి, జల్లించి ఎండబెట్టిన ఇసుకను బకెట్‌లో వదులుగా పోసి, 2.5 సెం.మీ. వ్యాసమున్న ఉక్కు గుండును అందులోకి వదిలాను. 10 సెం.మీ. ఎత్తు నుంచి వదిలితే 2.2 సెం.మీ., 80 సెం.మీ. నుంచి వదిలితే 4.3 సెం.మీ. దిగింది. శక్తి 8 రెట్లయినా లోతు రెండింతలైనా ఎందుకు కాలేదు? బకెట్‌ను నాలుగుసార్లు నేలకు తట్టాక ఇంకా తక్కువ దిగడానికి కారణమేమిటి?

సమాధానం:
మీ కొలతలు చక్కగా ఉన్నాయండీ, ఒక్క సవరణ చేయాలి. ఆగేదాకా గురుత్వాకర్షణ గుండును లాగుతూనే ఉంటుంది కనుక, ఇసుకలో దిగిన లోతును కూడా పడిన దూరంలో కలపాలి. అప్పుడు దూరాలు 12.2, 84.3 సెం.మీ. అవుతాయి, వాటి నిష్పత్తి 6.9, దాని ఘనమూలం 1.9. మీ లోతుల నిష్పత్తి 1.95! లోతు మొత్తం దూరపు ఘనమూలాన్ని అనుసరిస్తుందని డగ్లస్ డ్యూరియన్ బృందం 2003లో చూపింది.

ఇసుక గుండును రెండు విధాలుగా అడ్డుకుంటుందని 2007లో కత్సురాగి, డ్యూరియన్ వివరించారు. దారిలోని రేణువులను పక్కకు నెట్టడం వల్ల కలిగే నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పై పొరల బరువు కింది రేణువులను అదిమి ఉంచడం వల్ల పుట్టే ఘర్షణ లోతును బట్టి పెరుగుతుంది. ఎక్కువ ఎత్తు నుంచి వచ్చిన గుండు అదనపు శక్తిలో చాలా భాగాన్ని మొదటి నిరోధానికే ఖర్చుచేస్తుంది.

మరొక సమాధానం:
తట్టడం గురించి: వదులుగా పోసిన ఇసుకలో రేణువులు సుమారు 55 శాతం చోటును ఆక్రమిస్తే, బాగా కుదించినప్పుడు అది 64 శాతం దాకా చేరగలదు. అంత దట్టంగా ఉన్న రేణువులు కదలాలంటే ముందు ఒకదానికొకటి ఎడం కావాలి, అంటే పైనున్న ఇసుకను కొంత ఎత్తాలి. ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లో వివరించిన గుణమిదే. సముద్రతీరంలో తడి ఇసుకపై కాలు మోపగానే పాదం చుట్టూ ఆరినట్లు కనిపించడానికీ ఇదే కారణం: రేణువులు ఎడమై, పైనున్న నీరు వాటి మధ్య ఖాళీల్లోకి దిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఘర్షణకు పై పొరల బరువే మూలమైతే, గురుత్వాకర్షణ అతి తక్కువగా ఉన్నచోట ఏమవుతుంది?

సమాధానం:
దానికి బెన్ను గ్రహశకలమే ఉదాహరణ. 2020 అక్టోబరు 20న ఒసైరిస్-రెక్స్ వ్యోమనౌక సెకనుకు సుమారు 10 సెం.మీ. వేగంతో, అంటే మనం నడిచే వేగంలో పదో వంతుతో, దాని ఉపరితలాన్ని తాకింది. నమూనా సేకరించే చేయి దాదాపు అర మీటరు లోపలికి దిగిపోయింది. రేణువులను అదిమే బరువు గానీ, వాటిని పట్టి ఉంచే బంధం గానీ అక్కడ దాదాపు లేవు. థ్రస్టర్లు మండించి వెనుదిరగకపోతే నౌక ఇంకా లోపలికి దిగేదే.