ఒక్క పూట టూరుతో చిన్న కాలేజీ గుట్టు తెలుస్తుందా?

కొల్లేటి కొంగ:
వేసవి సెలవులు రాగానే అమెరికాలోని మనవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని, డిగ్రీ చదువుకి చిన్న ప్రైవేటు కాలేజీలు చూసే ఒక ప్రదక్షిణ మొదలెడతారు. మసాచుసెట్స్‌లో విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, మెయిన్‌లో బోడన్, ఫిలడెల్ఫియా పక్కన స్వార్థ్‌మోర్. నాలుగు రోజుల్లో ఆరు కాలేజీలు, అద్దె కారు, హోటళ్లు. తిరిగొచ్చాక పిల్లల నోట వచ్చే మాటలు మూడే: "చెట్లు బాగున్నాయి", "గైడ్ భలే మాట్లాడింది", "ఎందుకో నచ్చలేదు". ఈ మూడు ముక్కల మీద, ఆర్థిక సాయం లేకపోతే ఏడాదికి 85,000 డాలర్లు దాటే చదువు తేలిపోతోంది. నన్నడిగితే ఈ టూర్లు శుద్ధ దండగ. కాదనేవాళ్లు కారణాలతో రండి.

జూన్, జూలైల్లో అక్కడ విద్యార్థులే ఉండరు. విలియమ్స్‌లో అందరూ కలిపి రెండు వేల పైచిలుకు. వాళ్లు వెళ్లిపోయాక మిగిలేది కొండల నడుమ పచ్చిక, తాళాలేసిన భవనాలు. గైడ్‌కి తర్ఫీదిచ్చేది అడ్మిషన్స్ ఆఫీసే. ఏ దారిన తిప్పాలో కూడా వాళ్లే గీసిస్తారు. చూపించే డార్మ్ (హాస్టల్) గది ఒక్కటే, అదీ సర్దిపెట్టిన గది.

అదే కామన్ డేటా సెట్ తెరవండి. చాలా కాలేజీలు ఏటా ఒకే నమూనాలో నింపి సైట్‌లో పెట్టే పట్టిక అది. మొదటి ఏడాది తర్వాత ఎంతమంది తిరిగి చేరారో బీ22 అనే వరుసలో ఉంటుంది. అడ్మిషన్‌లో దేనికెంత విలువిస్తారో సీ7లో, విదేశీ విద్యార్థులకు ఎంత సాయం అందిందో హెచ్6లో, క్లాసుల సైజులు ఐ3లో. అరగంట పని. పైసా ఖర్చు లేదు.

తాటి ముంజె:
కొంగ గారూ, వేసవి టూర్ల మీద మీరన్నదాంతో పేచీ లేదు. అక్కడి నుంచి "చూడటమే దండగ" అనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడమే.

ముప్పై వేల మంది ఉండే యూనివర్సిటీలో ఒక మూల నచ్చకపోతే ఇంకో మూల చూసుకోవచ్చు. చిన్న కాలేజీలో ఆ వీలు లేదు. తిండి, నిద్ర, చదువు, స్నేహం, తగాదా, అన్నీ పది నిమిషాల నడకలోనే. నాలుగేళ్లూ దాదాపు అందరూ హాస్టల్ జీవులే. అంటే డబ్బు పెట్టి కొంటున్న సరుకులో సగం ఆ చోటే. దాన్ని చూడకుండా ఎలా కొంటారు?

"చిన్న కాలేజీ" అన్న మాట కింద ఎన్ని రకాలున్నాయో చూడండి. స్వార్థ్‌మోర్ క్యాంపస్ మొత్తం స్కాట్ ఆర్బొరేటమ్ అనే వృక్షవనం. ఫోటోల్లో పడేవి ఆ చెట్లు. విద్యార్థికి పనికొచ్చేది మాత్రం పచ్చిక వాలు దిగగానే ఉన్న రైల్వే స్టేషన్, నేరుగా ఫిలడెల్ఫియాకి. కాలిఫోర్నియాలో పొమోనా చుట్టూ స్క్రిప్స్, క్లేర్‌మాంట్ మెకెన్నా, హార్వీ మడ్, పిట్జర్ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఒక కాలేజీ పిల్లలు ఇంకో కాలేజీలో క్లాసు వినొచ్చు, భోంచెయ్యొచ్చు. ఆమ్‌హర్స్ట్‌కీ అలాంటి అయిదు కాలేజీల కూటమి ఉంది, కాకపోతే అక్కడ బస్సెక్కాలి. ఇక ఒహాయోలో కెన్యన్ గుట్ట మీద ఉంటుంది. గాంబియర్ అనే ఆ ఊరంటే కాలేజీయే. కాస్త పెద్ద ఊరు మౌంట్ వెర్నన్‌కి అయిదు మైళ్లు పోవాలి. పట్టికలో వీటన్నిటికీ "విద్యార్థుల సంఖ్య" గళ్లో దగ్గరదగ్గర అంకెలే. బతుకులో పోలికే లేదు.

ఇంకో మాట, మీ ఐ3 సంగతి. అది సెక్షన్లను లెక్కపెడుతుంది, కుర్చీలను కాదు. పది క్లాసులున్నాయనుకోండి. ఎనిమిదింటిలో పదేసి మంది, రెండింటిలో 45 మంది చొప్పున. సగటు 17 అని బ్రోషర్ గొప్ప చెబుతుంది. కానీ 170 కుర్చీల్లో 90 ఆ రెండు పెద్ద క్లాసుల్లోవే. అంటే మొదటి ఏడాది పిల్లవాడు కూర్చోబోయేది ఎక్కువగా అక్కడే. ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సులు తరచూ ఇలాగే ఉంటాయి, మనవాళ్లు ఎగబడేదీ వాటికే.

కొల్లేటి కొంగ:
కుర్చీల లెక్క ఒప్పుకున్నాను. అయితే అది కూడా ఇంట్లో కూర్చుని వేసిన లెక్కే కదండీ. కెన్యన్ చుట్టూ ఏముందో మ్యాప్ చెబుతుంది. టూర్‌లో మాత్రమే తెలిసేది ఏదైనా ఉంటే చెప్పండి.

తాటి ముంజె:
క్లాసు. టూర్ వదిలేసినా ఫర్వాలేదు, క్లాసులో కూర్చోవాలి.

కాలేజీ నడిచే రోజుల్లో, రెండు వారాల ముందు అడ్మిషన్స్ ఆఫీసుకి రాస్తే చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. కొన్నిచోట్ల వాళ్ల సైట్‌లోనే సందర్శకులను రానిచ్చే క్లాసుల జాబితా ఉంటుంది. సోమవారం నుంచి గురువారం లోపు ఎంచుకోండి, శుక్రవారం సగం బెంచీలు ఖాళీ. సెమిస్టర్ మొదటి వారం వద్దు, అక్టోబర్ మధ్యలో ఇచ్చే చిన్న సెలవు వద్దు, పరీక్షల ముందు అసలే వద్దు. ఫస్ట్ ఇయర్ సెమినార్‌కి (కొత్తవాళ్ల కోసం పెట్టే చిన్న చర్చా క్లాసు) పంపిస్తామంటే మర్యాదగా తప్పించుకుని 200 స్థాయి కోర్సు, అంటే తొలి కోర్సుల తర్వాతి మెట్టు, అడగండి. సెమినార్ ఎక్కడైనా బాగానే ఉంటుంది, అది దుకాణం ముందు వేలాడదీసిన పట్టుచీర.

లోపల చూడాల్సింది ప్రొఫెసర్‌ని కాదు. పదిహేను మందిలో ఎంతమంది నోరు విప్పారు? ఆ నలుగురేనా? ఒక పిల్ల తప్పు చెబితే పక్కవాళ్లు ఎలా స్పందించారు? క్లాసయ్యాక తలుపు దాకా మాట్లాడుకుంటూ వెళ్లారా, ఫోన్లు తీశారా? ఇది ఏ పట్టికలోనూ దొరకదు.

నల్లమల తేనె:
ఇద్దరూ క్యాలెండర్ మర్చిపోయారు. చిన్న కాలేజీల్లో క్యాలెండర్లు ఒక్కో చోట ఒక్కో తీరు. మిన్నెసోటాలోని కార్ల్‌టన్‌లో ఏడాదికి మూడు టర్ములు, ఒక్కోటి దాదాపు పది వారాలు. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగకి ఇళ్లకి పోతే మళ్లీ జనవరిలోనే రాక. డిసెంబర్‌లో వెళ్తే కనిపించేది మంచు ఒక్కటే. విలియమ్స్‌లో జనవరి మొత్తం వింటర్ స్టడీ, ఒక్కటే కోర్సు. పిల్లలు తీరిగ్గా, హాయిగా కనిపిస్తారు. "ఇక్కడ ఒత్తిడే లేదు నాన్నా" అని మురిసిపోకండి, ఆ నెల సంగతే వేరు. కొలరాడో కాలేజీలో 1970 నుంచి బ్లాక్ పద్ధతి: మూడున్నర వారాలు ఒకే కోర్సు, తర్వాత నాలుగైదు రోజుల విరామం. ఆ విరామంలో దిగితే ఊరు మీకు, కొండలు మీకు, విద్యార్థి ఒక్కడూ దొరకడు.

వాతావరణానికి ఫిబ్రవరి రెండో సగమే అసలు పరీక్ష. గ్రిన్నెల్ ఉన్న అయోవాలో, కార్ల్‌టన్ ఉన్న మిన్నెసోటాలో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికి బయట నడిచి చూడండి. గ్రిన్నెల్ డార్ముల మధ్య కప్పున్న నడవాలు ఎందుకు కట్టారో అప్పుడు తెలుస్తుంది.

ఏప్రిల్‌లో సీటొచ్చినవాళ్లకి పెట్టే సందర్శన రోజులు వేరే రకం. మే 1లోపు చేరడానికి ఒప్పించాలి కాబట్టి పెళ్లివారికి చేసినట్టు మర్యాదలు. డైనింగ్ హాల్ మెనూ కూడా ఆ రోజుకి మెరుగుపడుతుంది.

పెసరట్టు పెద్దయ్య:
భోజనం మాటొచ్చింది గనుక. శాకాహారి పిల్లలుంటే మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి "సలాడ్ బార్ బ్రహ్మాండం" అని తిరిగి రావొద్దు. రాత్రి మూసే ముందు అరగంట, లేదా ఆదివారం సాయంత్రం వెళ్లండి. అప్పుడు వేడిగా, మాంసకృత్తులున్న శాకాహారం ఎన్ని గిన్నెల్లో మిగిలిందో లెక్కపెట్టండి. గ్రిల్ మీద గుడ్డు, చికెన్ ఒకే పెనం మీద వేస్తున్నారేమో చూడండి. బోడన్ తిండికి పేరున్న చోటే, అయినా ఈ పరీక్ష అక్కడా చెయ్యాల్సిందే. సెలవుల్లో డార్ములు తెరిచి ఉంచి హాళ్లు మూసేస్తారా, వంటకి ఉమ్మడి కిచెన్ ఉందా అని అడగండి. థాంక్స్‌గివింగ్ వారం హైదరాబాద్ పిల్లలు ఇంటికి రాలేరు కదా.

ఓరుగల్లు తోరణం:
ఆ హైదరాబాద్ పిల్లల గురించే. ఇక్కడ అందరూ అద్దె కార్ల గురించి మాట్లాడుతున్నారు. విమానం టికెట్ ఇచ్చి పిలిపించే కార్యక్రమాలున్నాయి, కానీ ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్నవాళ్లకే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లేవాళ్లకి చెట్ల కంటే ముందు చూడాల్సినవి వేరు.

ముందు డబ్బు. అడ్మిషన్ సమయంలో విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితి చూడకుండా నిర్ణయించే చిన్న కాలేజీలు బహు కొద్ది. ఆమ్‌హర్స్ట్, బోడన్ అందులో ఉన్నాయి. గ్రిన్నెల్ సాయం బాగానే ఇస్తుంది, కానీ విదేశీయుల విషయంలో ఎంత అవసరమో చూసుకునే సీటిస్తుంది.

తర్వాత ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రంలో, పడే కోర్సు కోడ్. చదువయ్యాక అక్కడ పనిచేసేందుకు ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోడ్ అయితే మరో 24 నెలలు. ఎకనామిక్స్‌కి 45.0601 అయితే జాబితాలో లేదు, గణితం ఎక్కువున్న 45.0603 అయితే ఉంది. కాలేజీ ఏది వాడుతుందో టూర్ గైడ్‌కి తెలియదు. రిజిస్ట్రార్‌కో, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకో రాసి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంజనీరింగే కావాలంటే స్వార్థ్‌మోర్, హార్వీ మడ్, స్మిత్‌లలో అక్కడే ఉంది. మిగతాచోట్ల చెప్పే "3-2" అంటే మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఇంకో యూనివర్సిటీలో. నాలుగో ఏడాది స్నేహితులంతా ఇక్కడుంటే మీవాడు కొత్త ఊళ్లో మొదటినుంచి మొదలెట్టాలి. పైగా అయిదో ఏడాది ఖర్చు, అవతలి చోట సాయం ఇస్తారో లేదో. అందుకే అలా వెళ్లేవాళ్లు తక్కువ. "పోయిన మూడేళ్లలో ఎంతమంది వెళ్లారు?" అని సూటిగా అడగండి.

ఆన్‌లైన్ విద్యార్థి ముఖాముఖీలు అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటికి పెడతారు. వేసవి సమయంలో అది మనకి తెల్లవారుజామున నాలుగున్నర. అయినా లేచి కూర్చోవడం దండగ కాదు, ప్రశ్న పదునుగా ఉంటే. "క్లబ్బులు ఎన్ని?" అని అడిగితే వచ్చేది బ్రోషరే. "పోయిన శనివారం సాయంత్రం మీ అంతస్తులో ఎవరెవరు ఏం చేశారు?" అని అడగండి.

(ఇదే కొలత ఇంటి దగ్గరా పనిచేస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది, చుట్టూ ఫ్యాక్టరీల వాడ, పెద్ద ఊరంటే చెన్నై. అక్కడా ముందు అడగాల్సింది వారాంతపు బస్సుల గురించే.)

కొల్లేటి కొంగ:
తోరణం గారి పోస్టు నా వాదనకే బలం: అసలైనవన్నీ రాతలోనే తేలుతున్నాయి. ఇంకొకటి చేరుస్తాను. "టూర్‌కి రాకపోతే ఆసక్తి లేదనుకుంటారేమో" అన్న భయం. సీ7లో "అభ్యర్థి చూపిన ఆసక్తి" అనే వరుస చూడండి. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, పొమోనా దాన్ని లెక్కలోకి తీసుకోవు. తీసుకునే కాలేజీల్లో ఆన్‌లైన్ సమావేశానికి పేరిచ్చి హాజరైనా నమోదవుతుంది. కాబట్టి ముందు దరఖాస్తు చెయ్యండి, సీటొచ్చిన రెండు మూడు చోట్లకి ఏప్రిల్‌లో వెళ్లండి.

తాటి ముంజె:
ఇక్కడే దొరికారు. అర్లీ డెసిషన్ మాటేమిటి? నవంబర్ మొదట్లోనో మధ్యలోనో దరఖాస్తు, డిసెంబర్‌లో ఫలితం, సీటొస్తే చేరి తీరాలి. సాయం చాలకపోతే తప్ప బయటపడే దారి లేదు. ఎన్నో చిన్న కాలేజీలు సగం దాకా సీట్లు అలాగే నింపుతాయి. మీ పట్టికలోనే సీ21లో ఆ సంఖ్యలుంటాయి, వాటిని చేరినవాళ్ల సంఖ్యతో పోల్చండి. ఏప్రిల్‌లో చూద్దామనుకునేవాడు ఆ సగం వదులుకున్నట్టే.

నల్లమల తేనె:
ఈ ఒక్క విషయంలో ముంజె గారిదే పైచెయ్యి.

రాళ్లసీమ రాగి సంగటి:
ఇంత వాదనలో ఒక పెద్ద సంగతి ఎవరూ ఎత్తలేదు: కాలేజీ నాలుగేళ్లు నిలుస్తుందా? న్యూయార్క్ రాష్ట్రంలో కయుగా సరస్సు ఒడ్డున వెల్స్ కాలేజీ, 1868 నాటిది. చూసినవాళ్లు మళ్లీ చూడాలనుకునే చోటు. 2024 ఏప్రిల్ చివర ప్రకటన చేసి ఆ సెమిస్టర్‌తోనే మూసేశారు. అదే ఏడాది అలబామాలో బర్మింగ్‌హామ్-సదర్న్ మూతపడింది. వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ 2019లో. పైన చెప్పుకున్న పేరున్నవాటికి ఈ ప్రమాదం లేదు, నిధులు దండిగా ఉన్నాయి. కానీ "మీ అబ్బాయికి 70 శాతం స్కాలర్‌షిప్" అని ఉత్తరం పంపే, పేరు వినని కాలేజీ విషయంలో జాగ్రత్త. అందరికీ అంత తగ్గిస్తున్నారంటే ఖాళీ కుర్చీలు నింపుకుంటున్నారేమో.

లాభాపేక్ష లేని కాలేజీలు ఏటా పన్నుల శాఖకి ఇచ్చే ఫారం 990, ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వరసగా మూడు నాలుగేళ్లు రాబడి కంటే ఖర్చు ఎక్కువుందా చూడండి. అమెరికా విద్యాశాఖ ప్రైవేటు కాలేజీలకి ఆర్థిక స్కోరు ఇస్తుంది, మైనస్ 1 నుంచి 3 దాకా. 1.5 కంటే తక్కువైతే తప్పుకోండి. బీ1లో మొదటి ఏడాది చేరినవాళ్ల సంఖ్య అయిదేళ్లది పక్కపక్కన పెట్టుకోండి.

అయితే కొంగ గారూ, ఇందులో కంటికే ఆనేదీ ఉంది. సెమిస్టర్ మధ్యలో తాళం వేసి ఉన్న డార్ము, ఒక్క ప్రొఫెసరే మిగిలిన డిపార్ట్‌మెంట్ తలుపుల మీద పాత పేరు పలకలు, రాత్రి ఎనిమిదింటికే మూసేసే లైబ్రరీ. ఇవి 990లోకి ఎక్కేసరికి ఏడాది, రెండేళ్లు పడుతుంది.

కొల్లేటి కొంగ:
తాళం వేసిన డార్ము సంగతి నేను ఆలోచించలేదు. సరే, సవరించుకుంటున్నాను: వేసవి ప్రదక్షిణ దండగే, ఆ మాట మారదు. అర్లీ డెసిషన్ వేసేవాళ్లు మాత్రం సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ చివరి లోపు, పట్టికల్లో నెగ్గిన ఒక్క కాలేజీకి, లేదా రెండింటికి. ఒక్కో చోట ఒక రాత్రి ఉండేలా.

తాటి ముంజె:
ఆ రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీకి, పదకొండింటికి డార్ముల వైపు. తల్లిదండ్రులు హోటల్లోనే ఉండాలి, పిల్లవాణ్ని ఒక్కణ్నే పంపాలి.