మొదటి బండిగా పాత 100 సీసీ సరిపోతుందా, లేక ఏబీఎస్ ఉన్న పాత 150 సీసీ తీసుకోవాలా?

ఖమ్మం_కొత్తచోదకుడు:

అందరికీ నమస్కారం. నాకు ఇటీవలే లైసెన్సు చేతికొచ్చింది. వైరా దారిలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరకడంతో రోజూ రానూపోనూ సుమారు 40 కిలోమీటర్లు తిరగాల్సి ఉంటుంది. సీజన్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. హెల్మెట్, పేరు మార్పిడి, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ కలిపి 60,000 రూపాయల కంటే ఎక్కువ పెట్టలేను, కాబట్టి కొత్త బండి మాట లేదు.

ఇప్పటికి మూడు బండ్లు చూశాను. మొదటిది ఖమ్మంలోనే ఉన్న 2017 నాటి స్ప్లెండర్ ప్లస్, ధర 42,000. రెండవది 2019 నాటి హోండా షైన్, సీబీఎస్ (రెండు బ్రేకులనూ కలిపి వేసే ఏర్పాటు) ఉన్నది, 46,000. మూడవది విజయవాడలో ఉన్న 2019 నాటి పల్సర్ 150, ముందు చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే పరికరం) ఉన్నది, 48,000 చెబుతున్నారు. మా నాన్నగారు స్ప్లెండర్ తప్ప మరొకటి వద్దంటున్నారు, స్నేహితులేమో పల్సర్ వదులుకోవద్దంటున్నారు. ఇరువైపులా కారణాలు తెలుసుకుని నిర్ణయించుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

తాపీ_ప్రయాణం:

మీ నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం. స్ప్లెండర్ బరువు సుమారు 110 కిలోలు, పల్సర్ 150 బరువు 144 కిలోల చుట్టూ ఉంటుంది. రెండింటి సీటు ఎత్తూ దాదాపు 785 మిల్లీమీటర్లే, అందువల్ల దుకాణంలో కూర్చుని చూసినప్పుడు తేడా పెద్దగా తెలియదు. ఇసుక మీద కాలు ఆనించి బండిని వెనక్కి తిప్పుకోవలసి వచ్చినప్పుడో, వాలులో ఆగి మళ్లీ క్లచ్ వదలవలసి వచ్చినప్పుడో ఆ 34 కిలోలు తెలిసివస్తాయి. కొత్తవారు తరచుగా పడేది పెద్ద వేగంలో కాదు, మలుపు తిరిగేటప్పుడు, ఆగేటప్పుడు, ఇంటి ముందు ర్యాంపు ఎక్కేటప్పుడు. తేలికైన బండి అలాంటి చోట మన చేతిలో నిలుస్తుంది, పడినా ఇండికేటరో క్లచ్ లివరో మార్చుకుంటే సరిపోతుంది.

స్ప్లెండర్ ఇంజిన్ శక్తి సుమారు 8 హార్స్‌పవర్, పల్సర్‌ది 14. ఆ అదనపు శక్తి చేతిలో ఉన్నప్పుడు ముందున్న వాహనాన్ని దాటేద్దామన్న ఆలోచన దానంతట అదే వస్తుంది. దూరాన్ని అంచనా వేయడం ఇంకా అలవడని తొలి ఏడాదిలో ఆ ఆలోచన ఎంత తక్కువగా వస్తే అంత మంచిది. పైగా స్ప్లెండర్ విడిభాగాలు దొరకని మండల కేంద్రం ఉండదు, దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ కూడా ఉండడు. రెండేళ్ల తర్వాత అమ్మినా పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది.

ముందు_బ్రేకు:

తాపీ_ప్రయాణం గారు బరువు గురించి చెప్పినదంతా నిజమే. అయితే ఆయన చెప్పిన పడిపోవడాలన్నీ మోకాలు దోక్కుపోయే రకం. ఎముకలు విరిగేదీ ప్రాణం మీదికి వచ్చేదీ ఎదుట ఏదో హఠాత్తుగా అడ్డం వచ్చినప్పుడు, కాబట్టి చర్చ అక్కడి నుంచి మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొత్తగా నడిపేవారు బెదిరినప్పుడు రెండు పనుల్లో ఒకటి చేస్తారు: ముందు బ్రేకు అంటే భయంతో వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతారు, లేదా ముందు లివరును ఒక్కసారిగా పిడికిలి బిగించి పట్టేస్తారు. బ్రేకు వేయగానే బండి బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి వెనక బ్రేకు ఒక్కదానితో బండి త్వరగా ఆగదు. ముందు చక్రం బిగుసుకుపోతే ఇక హ్యాండిల్ మాట వినదు, చూస్తుండగానే బండి పక్కకు పడిపోతుంది. బిగుసుకుపోబోతున్న చక్రాన్ని గుర్తించి, ఒత్తిడిని సెకనులో పలుమార్లు వదిలి పట్టే పనిని ఏబీఎస్ చేస్తుంది. ఏళ్ల తరబడి నడిపినవారి వేళ్లకు అలవడే నేర్పు అది, లైసెన్సు ఇప్పుడే వచ్చినవారికి ఉండదు. అంటే ఏబీఎస్ అందరికంటే ఎక్కువ అవసరమైనది కొత్తవారికే.

మన దగ్గర 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్‌ను కొత్త మోడళ్ల విషయంలో 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ల విషయంలో 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. 125 సీసీ వరకు సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే వెనక పెడల్ తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పడేలా చేసే ఏర్పాటు. వెనక బ్రేకునే నమ్ముకునేవారికి అది మేలు చేస్తుంది గాని, చక్రం బిగుసుకుపోకుండా ఆపదు. 2017 స్ప్లెండర్‌లో ఏబీఎస్ ఎలాగూ ఉండదు, ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ బ్రేకులే.

ఇక దారి సంగతి. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరుగుతాయి, కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు ఉంటాయి. వీటన్నిటినీ ముందుగా చూడాలంటే హెడ్‌లైటు బాగుండాలి. ఆ కాలపు స్ప్లెండర్‌లో హెడ్‌లైటు ఇంజిన్ వేగాన్ని బట్టి వెలుగుతుంది, గుంతల దగ్గర యాక్సిలరేటర్ తగ్గించగానే వెలుతురు కూడా తగ్గిపోతుంది. పల్సర్‌లో లైటు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

తాపీ_ప్రయాణం:

లైటు విషయం ఒప్పుకుంటున్నాను. ఏబీఎస్ గురించి మాత్రం సగమే చెప్పారు. ఆ పల్సర్‌లో ఉన్నది ఒకే చక్రానికి పనిచేసే ఏబీఎస్. వెనక చక్రం యథాప్రకారం బిగుసుకుని జారుతుంది. ధాన్యం గింజల మీద, కంకర మీద టైరుకే పట్టు దొరకదు, అక్కడ ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఇంకాస్త ఎక్కువ దూరం పట్టినా పట్టవచ్చు. బండి మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా ఇది పూర్తి రక్షణ ఇవ్వదు. ఒక ఆదివారం ఉదయం ఖాళీ మైదానంలో 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, ముందు లివరును మెల్లగా బిగిస్తూ ఆపడం సాధన చేస్తే వచ్చే లాభం ఏ బండికైనా వర్తిస్తుంది.

ముందు_బ్రేకు:

సాధన చేయాలనడంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, ఏబీఎస్ ఉన్న బండి మీద కూడా చేయాలి. కాని మైదానంలో కుక్క అడ్డం రాదు. తెలిసి వేసే బ్రేకుకూ బెదిరి వేసే బ్రేకుకూ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికే ఆ పరికరం ఉంది. ముందు చక్రం బిగుసుకుంటే మనిషి కింద పడడం దాదాపు ఖాయం, వెనక చక్రం జారితే సర్దుకోవడానికి ఎంతో కొంత వ్యవధి ఉంటుంది. ఒక్క చక్రానికే ఇవ్వగలిగినప్పుడు ముందు దానికి ఇవ్వడం సరైన నిర్ణయమే.

షెడ్డు_మేస్త్రి:

మీ ఇద్దరి వాదనా మోడల్ పేర్ల మీద నడుస్తోంది. పాత బండి విషయంలో పేరు కంటే ఎదురుగా ఉన్న ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే ముఖ్యం. నాకు మొదట అనుమానం కలిగించినది విజయవాడ పల్సర్ ధర. అదే ఏడాది పల్సర్‌ను ఖమ్మంలో 55,000కు తక్కువ ఎవరూ చెప్పడం లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వాటిలో చాలావాటిని బాగుచేసి వాడుకుంటున్నారు, తప్పేమీ లేదు, కాని కొనేవాడికి ఆ సంగతి తెలియాలి. సీటు తీసి కింద వైరింగ్ సందుల్లో, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, హెడ్‌లైటు గిన్నెలో ఎండిన ఒండ్రు ఉందేమో చూడండి. వైర్లను కలిపే కనెక్టర్ల పిన్నులు ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉంటే ఆ బండిని వదిలేయండి, ఎందుకంటే ఏబీఎస్ సెన్సరూ దాని యూనిట్టూ అలాంటి తుప్పుకే చెడిపోతాయి, ఆ యూనిట్ మార్చాల్సి వస్తే ఖర్చు మీ బడ్జెట్‌కు అందదు.

ఏబీఎస్ నిజంగా ఉందో లేదో, పనిచేస్తోందో లేదో కూడా చూడాలి. 2018లో తయారై 2019 మొదట్లో రిజిస్టర్ అయిన బండికి అది ఉండకపోవచ్చు. ముందు డిస్క్ పక్కన చిల్లులు చిల్లులుగా ఉన్న మరో చిన్న చక్రం, దాని దగ్గర సెన్సర్ వైరు కనిపించాలి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ లైటు వెలిగి, బండి కొంచెం కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఆ లోపాన్ని దాచడానికి ఎవరో లైటు తీసేశారని అనుమానించాలి.

ఏ బండి చూడటానికి వెళ్లినా స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తెలుసుకున్నాకే స్టార్ట్ చేయించండి. ఉదయం చల్లటి ఇంజిన్ కిక్కుకు అందుకోకపోవడం, సైలెన్సర్ నుంచి నీలి పొగ రావడం, లోపల కటకటమని శబ్దం వినిపించడం, ఇవన్నీ వేడెక్కిన బండిలో దాగిపోతాయి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ బోరుకు వచ్చినట్టే, అంటే లోపల అరిగిపోయి పెద్ద మరమ్మతు కావాల్సి ఉన్నట్టే. ఆ తర్వాత సెంటర్ స్టాండు వేసి ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా తట్టుకుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) పోయినట్టు. ముందు చక్రానికి ఇరువైపులా ఉన్న ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉంటే సీళ్లు పోయాయి. ఇవి మార్చుకోదగినవే, ధరలో తగ్గించమని అడగవచ్చు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంటే మాత్రం అది ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి. బేరమే ఆడవద్దు.

మీటరులోని కిలోమీటర్లను నమ్మకండి. వెనక్కి తిప్పిన మీటర్లను నేను తరచుగా చూస్తుంటాను. ఫుట్‌రెస్టు రబ్బర్లు, గేరు పెడల్, హ్యాండిల్ గ్రిప్పులు ఎంత అరిగాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. గాడులు ఎంత లోతుగా కనిపించినా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, వాన రోడ్డు మీద దానికి పట్టు ఉండదు. అలాంటి టైరుతో ఏబీఎస్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మూడు బండ్లూ కార్బొరేటర్‌వే కాబట్టి ఇంధనం సంగతిలో ఒక్క మాట: ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది. చాలాకాలం కదలకుండా పడి ఉన్న బండి అయితే కార్బొరేటర్ విప్పించి శుభ్రం చేయించి, పెట్రోలు గొట్టం మార్పించండి.

కాగితాలు_ముందు:

విజయవాడ బండి గురించి మరో విషయం ఎవరూ ప్రస్తావించలేదు. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే తెలంగాణ నంబరు వేయించుకోవడం తప్పనిసరి, ఇక్కడి జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. తిరుగుడు ఖర్చులతో కలిపి చూస్తే 48,000 ధరలో కనిపించే లాభం చాలావరకు కరిగిపోతుంది.

ఏ బండి కొన్నా పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు అయ్యాకే పూర్తి సొమ్ము ఇవ్వండి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండికి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే దాన్ని తీసేయించిన తర్వాతే ముందుకు వెళ్లండి. సంతకం పెట్టిన కాగితాలు ఇచ్చేశాం కదా, మీకు వీలైనప్పుడు మార్చుకోండి అని అమ్మేవారు అంటే 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తు చేయండి. బండి చేతులు మారినా రిజిస్టరులో పేరున్న వ్యక్తే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత ఆ వ్యక్తిదేనని కోర్టు స్పష్టం చేసింది. ఆ మాట విన్నాక తొందర వారికే ఎక్కువ అవుతుంది.

బీమా విషయంలో 2019 బండ్ల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించేది) ఒకేసారి కట్టించుకున్నారు. అంటే ఆ బీమా 2024లోనే ముగిసింది. ఐదేళ్లూ బీమా జోలికి వెళ్లవలసిన పని లేకపోయిన చాలామంది ఆ తర్వాత పునరుద్ధరించుకోవడం మరచిపోయారు. పాలసీ కాగితం మీద తేదీ చూడండి, బండి మీ చేతికి వచ్చిన 14 రోజుల్లో దాన్ని మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టండి. చలాన్లు కూడా నంబరు కొట్టి చూసుకోండి. తెలంగాణలో కట్టని పాత చలాన్ల మీద 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చినప్పటి నుంచి, మళ్లీ రాయితీ వస్తుందని కట్టకుండా పేర్చిపెట్టుకునేవారు ఉన్నారు.

ఖమ్మం_కొత్తచోదకుడు:

అందరికీ కృతజ్ఞతలు. విజయవాడ బండి అమ్మేవారికి ఫోన్ చేసి, సీటు తీసి చూస్తానని, స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పాను. అలాంటి షరతులు పెట్టేవారికి అమ్మనన్నారు కాబట్టి దాన్ని వదిలేశాను. ఖమ్మంలో ఏబీఎస్ ఉన్న 2019 పల్సర్ ఒకటి 57,000కు దొరుకుతోంది, తీసుకుంటే హెల్మెట్‌కు, టైర్లకు డబ్బు మిగలదు. షైన్ తీసుకుంటే 14,000 మిగులుతుంది. ఇప్పుడు ఏది తీసుకోమంటారు?

తాపీ_ప్రయాణం:

షైన్ తీసుకోండి. పల్సర్ కంటే తేలిక, స్ప్లెండర్ కంటే కాస్త శక్తి ఎక్కువ, లారీని దాటవలసి వచ్చినప్పుడు సగం దూరంలో ఊపిరి అందని పరిస్థితి ఉండదు. మిగిలిన డబ్బులో ఐఎస్ఐ గుర్తు ఉన్న, ముఖమంతా కప్పే హెల్మెట్‌కే మొదటి ఖర్చు.

ముందు_బ్రేకు:

రెండు మూడు నెలలు బస్సులో వెళ్లి ఇంకో పది వేలు కూడబెట్టగలిగితే ఇప్పటికీ నేను ఏబీఎస్ బండికే ఓటు వేస్తాను. ఉద్యోగం ఆగనివ్వదంటే మాత్రం టైర్లు గట్టిపడిన పల్సర్ కంటే కొత్త టైర్లు వేసిన షైన్ నయమని ఒప్పుకుంటాను. రెండు టైర్లూ మార్చండి, డబ్బు చాలకపోతే ముందుది మొదట మార్చండి. ముందు డ్రమ్ విప్పించి బ్రేకు షూలు కొత్తవి వేయించండి. సీబీఎస్ కేబుల్‌ను సరిచేయించి, పెడల్ ఒక్కటే తొక్కినప్పుడు ముందు చక్రం కూడా పట్టుకుంటోందో లేదో సెంటర్ స్టాండు మీద మీ ఎదుటే చేసి చూపించమనండి.

షెడ్డు_మేస్త్రి:

ఆ కేబుల్ చాలా బండ్లలో వదులుగానే ఉంటోంది, చూపించమని అడిగే తీరాలి. షైన్ చూడటానికి వెళ్లేటప్పుడు మీకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి, అమ్మేవారు చెప్పిన మెకానిక్ దగ్గరికి మాత్రం వద్దు.