తేనెతుట్టెను కదపడమా, రాయి వేయడమా?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక సభ్యురాలు): "తేనెతుట్టెను కదిపినట్లయింది" అని పత్రికల్లో చదువుతుంటాం. మా ఇంట్లో "తేనెతుట్టె మీద రాయి వేసినట్లు" అంటారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ వాడుకలో ఉన్నవేనమ్మా. నేను మాత్రం "కదపడం" వైపే మొగ్గుతాను. ఈగల తీరును దగ్గరగా గమనించినవారు ఎంచుకున్న క్రియలా ఉంటుంది అది.

మన వైపు పెద్ద తేనెటీగలు ఎత్తైన మర్రి కొమ్మలకూ నీళ్ల ట్యాంకుల అడుగునా తుట్టె పెడతాయి. ఒకే ఒక్క పెర, దాన్ని పొరలు పొరలుగా కప్పుకొని ఈగలు. దూరపు కేకలు వినడానికి వాటికి మనలాంటి చెవులు లేవు. మీసాల మొదట్లో ఉన్న ఇంద్రియం అతి దగ్గర గాలి కదలికనే పట్టుకుంటుంది. కాళ్లలో ఉన్నది కాలి కింది అదురును పసిగడుతుంది. అందుకే కొమ్మ అదిరితే ఉలిక్కిపడతాయి. దగ్గరగా మన ఊపిరి తగిలినా రేగుతాయి.

ఇక ఒక్కటి కుట్టిందంటే మిగతావి ఎందుకు వెంటపడతాయో చూడండి. కొండికి వెనక్కి వంగిన సన్నని ముళ్లుంటాయి. అది చర్మంలో దిగబడి, విషపు సంచితో సహా ఊడి అక్కడే ఉండిపోతుంది. ఈగ చచ్చిపోయినా సంచి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అక్కడినుంచి మాగిన అరటిపండు వాసన వస్తుంది. ఐసోపెంటైల్ అసిటేట్ వాసన అది, తోటి ఈగలకు ప్రమాద సంకేతం. పెద్ద తేనెటీగల్లో దానికి తోడు ఎక్కువసేపు నిలిచే మరో రసాయనం కూడా ఉంటుంది, కనుక ఆ కబురు త్వరగా చల్లారదు. తేనె తీసేవారు పొగ పెట్టడానికి ఒక కారణం, ఆ వాసన వాటికి అందకుండా చేయడమే.

మరో సభ్యుడు: అయితే "తుట్టె మొత్తం ఒక్కటై లేచింది" అనేది అతిశయోక్తి కాదన్నమాట?

జవాబు: కాదండీ. లేవకముందే ఒక్కటవుతాయి. కందిరీగ దగ్గరికి వచ్చినప్పుడు చూడాలి. పైపొరలోని ఈగలు ఒకదాని వెంట ఒకటి పొట్ట పైకెత్తుతాయి. రెప్పపాటులో తుట్టె మీద ఒక అల పరుగెత్తి పోతుంది. కందిరీగ చాలాసార్లు అక్కడినుంచే వెనక్కి మళ్లుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరని దృశ్యం!

మొదటి ప్రశ్నకు వస్తే, "రాయి వేయడం"లో కావాలని చేశారన్న ధ్వని ఉంది. "కదపడం" తెలియక చేసినదానికీ నప్పుతుంది. "ఊరి చెరువు హద్దులు ఎక్కడిదాకా అని మామూలుగా అడిగాడు, తేనెతుట్టెను కదిపినట్లయింది" అనవచ్చు. ఇక్కడ "రాయి వేసినట్లయింది" అంటే పాపం, అడిగినవాడి మీద నింద పడుతుంది.