మే నెలలో లాబ్రడార్‌ని సాయంత్రం 5కి తిప్పొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో డాగ్ వాకర్‌గా కొత్తగా చేరాను. ఆ ఇంటివాళ్లు సాయంత్రం 5కే రమ్మంటున్నారు. తారు రోడ్డు మీద ఫర్వాలేదా?

జవాబు: వద్దండి. గాలి చల్లబడినా తారు వేడి వదలదు. అరచేతి వెనకవైపు రోడ్డుకి 7 సెకన్లు ఆనించండి. ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ బొబ్బలెక్కుతాయి. ఉదయం 6 లోపే మేలు.

జవాబు: మెడపట్టీ బదులు ఛాతీ హార్నెస్ వేయండి, లాగినా గొంతు నొక్కుకోదు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. రాగానే వేళ్ల సందుల్లో, చెవుల్లో పిడుదులు చూడండి.

జవాబు: నాలుక ముదురు ఎరుపెక్కి, చిక్కటి చొంగ కారుస్తూ తూలుతుంటే అది వడదెబ్బే. నీడకి చేర్చి ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఆగిపోతుంది. ఒళ్లు తడుపుతూనే పశువైద్యుడి దగ్గరికి బయల్దేరండి.